లోకల్ సరే, దేనికి లోకల్?

మన తెలుగులో బాగా స్థిరపడిపోయిన ఇంగ్లీషు విశేషణాలు లెక్కపెడితే ఓ పాతిక తేలతాయేమో. ఫ్రీ, ఫుల్, సూపర్, సీరియస్, ఫ్రెష్, సీనియర్... ఇలా. వీటిలో నాకు అన్నిటికంటే వింతగా కనబడేది 'లోకల్'. మిగతావాటిని ఎలా వాడినా కొంపలేమీ మునగవు. టీ 'ఫుల్ హాట్'గా ఉందంటే ఎవరికీ నష్టం లేదు. 'లోకల్' అలా కాదు. ఆ ఒక్క మాట మీద మన దగ్గర ఉద్యోగాలు వచ్చాయి, పోయాయి. పోలీసు కాల్పులు జరిగాయి. ప్రభుత్వం పడిపోయింది. రాజ్యాంగాన్ని సవరించారు. చివరికి ఒక రాష్ట్రం రెండయింది. ఇంత పని చేసిన విశేషణం ఇంకోటి చూపించండి చూద్దాం :-)

నాది బాన్సువాడ. అప్పుడు నిజామాబాద్ జిల్లా, 2016 అక్టోబరు నుంచి కామారెడ్డి జిల్లా. పొట్టకూటికి హైదరాబాద్‌లో కోడ్ రాస్తుంటాను. ఊళ్ళో ఈ మాట మనుషుల మధ్య గీత గీయడం చూస్తూ పెరిగాను. ఆఫీసులో అదే మాటని రోజూ కీబోర్డు మీద కొడుతుంటాను. కోడ్‌లో దాని అర్థం ఎంత తేటగా ఉంటుందో, మన మాటల్లో అంత మసకగా ఉంటుంది. ఆ తేడా గురించే నా గోడు.

ముందు మామూలు వాడకం సంగతి చూద్దాం. మన నోట్లో 'లోకల్' తక్కువలో తక్కువ అయిదు వేషాలు వేస్తుంది.

ఒకటి, దూరాన్ని చెప్పే లోకల్. తొంభైల్లో ప్రతి బస్టాండు పక్కన పసుపుపచ్చ బోర్డు ఉండేది, 'ఎస్‌టీడీ, ఐఎస్‌డీ, లోకల్' అని. లోకల్ అంటే రూపాయి బిళ్ళ వేసి మాట్లాడగలిగేంత దూరం. ముంబయి లోకల్ రైలూ ఈ కోవలోదే. పంటి డాక్టరు ఇచ్చే లోకల్ అనస్థీషియా కూడా ఇదే. ఆ పన్ను చుట్టూ మొద్దుబారుతుంది, మనిషి మాత్రం మెలకువగానే ఉంటాడు.

రెండు, సర్కారీ లోకల్. లోకల్ బాడీ ఎన్నికలు, కలెక్టరు ప్రకటించే లోకల్ హాలిడే, లోకల్ ఫండ్ ఆడిట్.

మూడు, నాసిరకం లోకల్. "ఇది కంపెనీది కాదన్నా, లోకల్ మాల్" అంటాడు కోఠీలో ఛార్జర్లు అమ్మే అతను. ఆ ఛార్జరు చైనాలో తయారై సముద్రాలు దాటి వచ్చి ఉంటుంది. అయినా అది లోకలే!

నాలుగు, గర్వంగా చెప్పుకునే లోకల్. 2017లో నాని సినిమా ఒకటి వచ్చింది, పేరే 'నేను లోకల్'. ఛార్జరుకు తిట్టు అయిన మాట హీరోకి బిరుదైంది.

అయిదు, మనిషి మీద కొట్టే ముద్ర. వాడు లోకల్, వీడు నాన్ లోకల్. నా పేచీ అంతా దీంతోనే.

మొదటి మూడింటినీ ఒకసారి మళ్ళీ చూడండి. కాల్, రైలు, హాలిడే, మాల్ - ప్రతిచోటా లోకల్ పక్కన ఒక నామవాచకం ఉంది. విశేషణం చేయవలసిన పనే అది, పక్కవాడి గురించి ఓ ముక్క చెప్పడం. అయిదో వాడకంలో ఆ నామవాచకం ఎగిరిపోయింది. 'వాడు లోకల్' అన్నప్పుడు దేనికి లోకల్, ఏ పనికి, ఎప్పటినుంచి, ఎవరి లెక్క ప్రకారం - ఇవేవీ వాక్యంలో లేవు. మనిషి మొత్తం లోకల్ అయిపోయాడు, లేదా మొత్తం నాన్ లోకల్ అయిపోయాడు.

ఇంగ్లీషువాళ్ళు మాత్రం 'లోకల్స్' అని అనరా అంటే, అంటారు. బ్రిటన్‌లో 'మా లోకల్' అంటే వీధి చివర కల్లు దుకాణం లాంటిది అని కూడా అర్థం ఉంది. కాబట్టి వ్యాకరణం చెడిపోయిందని నేను గగ్గోలు పెట్టడం లేదు. ఆ మాట మీద మనం పెట్టిన బరువు గురించే నా బాధ.

ఈ బరువు ఎక్కడినుంచి వచ్చిందో తెలియాలంటే ఇంకో విశేషణాన్ని పక్కన పెట్టి చూడాలి, 'నేటివ్'. లాటిన్‌లో 'నేటివ్'కు మూలం పుట్టుక. 'లోకల్'కు మూలం లోకస్, అంటే చోటు. పుట్టుక మారదు. చోటు మారుతుంది. మన సంస్కృతపు మాట 'స్థానికుడు' కూడా పుట్టుక గురించి చెప్పదు, 'స్థా' అనే ధాతువుకి నిలవడం, ఉండడం అని అర్థం. అంటే ఇక్కడ నిలిచి ఉన్నవాడు స్థానికుడు. మనం మాత్రం 'నేటివ్'ని ఊరి పేరు అడగడానికి వాడుకుంటున్నాం ("మీ నేటివ్ ఏదండీ?"), పుట్టుక భారాన్నంతా తీసుకొచ్చి 'లోకల్' నెత్తిన పెట్టాం. రెండు మాటలూ కుర్చీలు మార్చుకున్నాయి.

సరే, ఇప్పుడు మన ఇలాకాలోకి వద్దాం. ప్రోగ్రామింగ్‌లో లోకల్ వేరియబుల్ అంటే ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు. అది ఏ ఫంక్షన్‌కి లోకలో ఆ ఫంక్షన్‌ చూస్తే తెలుస్తుంది. బ్రాకెట్ తెరుచుకున్న చోట మొదలు, మూసుకున్న చోట ఆఖరు. ఫంక్షన్ పేరు చెప్పకుండా 'ఈ వేరియబుల్ లోకల్' అంటే కోడ్ రివ్యూలో ఎవడైనా "దేనికి?" అని అడుగుతాడు. లోకల్ హోస్ట్, 127.0.0.1, నా మెషీన్‌లో కొడితే నా మెషీన్, మీ మెషీన్‌లో కొడితే మీ మెషీన్. ఒకే అడ్రసు, ఎవరి దగ్గర వాళ్ళది. లోకల్ టైము అంటే ఏ టైమ్ జోన్‌లోనో చెప్పకపోతే ఎన్ని ప్రొడక్షన్ బగ్గులు వస్తాయో అర్ధరాత్రి ఫోన్లు ఎత్తినవాళ్ళకి బాగా తెలుసు. మన వృత్తిలో లోకల్ అనేది ఒక సంబంధం. ఒకదానితో పోల్చి చెప్పేది. దానంతట అది ఉండదు.

ఆశ్చర్యమేమిటంటే, మన చట్టాలు కూడా దాదాపు ఇలాగే ఆలోచించాయి. ఆ మాటను వీధిలో వాడే మనమే అలా ఆలోచించలేదు.

నిజాం కాలంలో ఈ మాటకు ఉర్దూ రూపం 'ముల్కీ'. ముల్క్ అంటే దేశం. బయటినుంచి వచ్చినవాళ్ళే ఉద్యోగాలన్నీ తన్నుకుపోతున్నారని గొడవ జరిగి, 1919 ఫర్మానాతో ముల్కీ నియమాలు గట్టిపడ్డాయి. పుట్టుకతో ముల్కీ కాని మనిషి ముల్కీ కావాలంటే హైదరాబాద్ రాజ్యంలో పదిహేనేళ్ళు స్థిరంగా ఉండాలి. అంతటితో అయిపోలేదు. పాత ఊరికి తిరిగి వెళ్ళే ఆలోచన మానుకున్నానని ప్రమాణ పత్రం కూడా ఇవ్వాలి. ఈ రెండో షరతు నాకు భలే నచ్చుతుంది. చోటుతో పాటు మనసు కూడా ఇక్కడే ఉందా అని అడిగారు వాళ్ళు.

ఆ నియమాలు ఉన్నా అమలు కాలేదన్న కోపమే 1952లో 'గైర్ ముల్కీ గో బ్యాక్' ఉద్యమం అయింది. ఆ సెప్టెంబరులో హైదరాబాద్ సిటీ కాలేజీ దగ్గర పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. 1956లో పెద్దమనుషుల ఒప్పందం, ఆంధ్రప్రదేశ్ అవతరణ. 1957లో కేంద్రం నివాస అర్హత మీద ఒక చట్టం చేసింది. 1969 మార్చిలో సుప్రీంకోర్టు అందులోని కీలకమైన సెక్షన్‌ను కొట్టేసింది. అప్పటికే పాల్వంచ, కొత్తగూడెం వైపు రాజుకున్న మంట తెలంగాణ అంతా అంటుకుని ఉంది. 1972 అక్టోబరులో అదే కోర్టు ముల్కీ నియమాలు చెల్లుతాయని చెప్పింది. ఈసారి అటువైపు జై ఆంధ్ర ఉద్యమం లేచింది. పి.వి. నరసింహారావు ప్రభుత్వం పోయి 1973 జనవరిలో రాష్ట్రపతి పాలన వచ్చింది. ఒకే మాటకు కోర్టు ఒకసారి కాదంటే ఇటువాళ్ళు, ఒకసారి అవునంటే అటువాళ్ళు రోడ్ల మీదికొచ్చారన్నమాట.

ఆ తర్వాత 1973 సెప్టెంబరులో ఆరు సూత్రాల పథకం, 32వ సవరణ, రాజ్యాంగంలో 371-డి. అక్కడే 'లోకల్ క్యాండిడేట్', 'లోకల్ ఏరియా', 'లోకల్ క్యాడర్' అనే మాటలు పక్కా సర్కారీ రూపం తెచ్చుకున్నాయి. 1974 ఉత్తర్వుతో కాలేజీ సీట్లలో 85 శాతం లోకల్. 1975 ఉత్తర్వుతో ఉద్యోగాల్లో స్థాయిని బట్టి 80, 70, 60 శాతం. లోకల్ ఎవరు? అర్హత పరీక్ష రాసే ఏడాదితో కలిపి వరసగా నాలుగేళ్ళు అక్కడ చదివినవాళ్ళు. నాలుగు నుంచి పదో తరగతి దాకా బోనఫైడ్ సర్టిఫికెట్ల కోసం బడి గుమ్మాల ముందు నిలబడిన తరం మాది.

ఇక్కడ ఒకటి గమనించండి. ముల్కీలో ఉన్న పుట్టుక ఇందులో లేదు. తాత ఎక్కడివాడు, ఇంటి పేరేమిటి, యాస ఏమిటి - అడగలేదు. ఏ బడి అని మాత్రమే అడిగారు. నా దృష్టిలో ఇది మంచి నిర్వచనం. కాగితం మీద తేలుతుంది, ఎవరి మొహం చూసీ చెప్పక్కర్లేదు.

అమలు సంగతి వేరే కథ. 1985 డిసెంబరు 30న 610 జీవో రావాల్సి వచ్చిందంటేనే, ఆ పదేళ్ళలో ఎంతమందిని రూలు తప్పి వేశారో అర్థమవుతుంది. ఆ జీవో కూడా సరిగ్గా అమలు కాలేదనే కదా 2001లో గిర్‌గ్లానీ కమిషన్ వేశారు. కాబట్టి నా మాటలు విని "లోకల్ రిజర్వేషన్ వద్దంటున్నాడు వీడు" అనుకోకండి. కావాలనే అంటాను. మా వైపు బడులు లేని, కాలేజీలు లేని కాలంలో ఆ కోటా లేకపోతే మా ముందు తరంలో గుమాస్తా ఉద్యోగం కూడా ఎవరికీ దక్కేది కాదు. న్యాయమైన కోరిక అది. నేను అడిగేదల్లా, ఉద్యోగ నోటిఫికేషన్‌లో ఉండాల్సిన మాట టీ కొట్టు దగ్గరికి ఎందుకొచ్చిందని.

ఇప్పుడు బాన్సువాడ సంగతి.

మంజీర మీద నిజాంసాగర్ 1923లో మొదలై 1931 నాటికి పూర్తయింది. కట్టించింది నవాబ్ అలీ నవాజ్ జంగ్. కాలువ వచ్చింది, భూములు తడిశాయి. కాలువ నీళ్ళతో వరి పండించడం ముందే తెలిసిన కృష్ణా, గోదావరి డెల్టా రైతులు అక్కడ పొలాలు అమ్ముకుని ఇక్కడ కొనుక్కున్నారు. బాన్సువాడ, వర్ని, కోటగిరి, బోధన్ చుట్టూ వాళ్ళ ఇళ్ళు వెలిశాయి. ఆ ఊళ్ళను ఇప్పటికీ 'క్యాంపు' అనే అంటాం. క్యాంపంటే గుడారం. నాలుగు రోజులుండి పీకేసేది. కొన్ని క్యాంపుల్లో నాలుగో తరం నడుస్తోంది. రెండంతస్తుల మిద్దెలు, రైసు మిల్లులు, గుళ్ళు, చర్చిలు ఉన్నాయి. పేరు మాత్రం క్యాంపే.

నాతో చదివిన క్యాంపు పిల్లలు బళ్ళో "ఎటు పోతున్నవ్‌రా?" అనేవాళ్ళు. ఇంటికి పోయాక "ఎటెళ్తున్నావ్‌రా?" అనేవాళ్ళు. గేటు దగ్గర భాష మారిపోయేది. మేము దాన్ని పట్టించుకోలేదు. మా ఊళ్ళో ఉర్దూ ఉంది, లంబాడీ ఉంది, బిచ్కుంద దాటితే మరాఠీ, కన్నడ ఉన్నాయి. రెండు తెలుగులు ఒక లెక్కా? కానీ ఉద్యమం వేడిగా ఉన్న 2009-2014 మధ్య, ఎవరూ ఏమీ అనకపోయినా, ఆ పిల్లలు వీధిలో కొంచెం మెల్లగా మాట్లాడటం నేను గమనించాను. 2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే జరిగినప్పుడు "ఎన్నేళ్ళ కిందటి కాగితాలు చూపించాలట?" అని క్యాంపుల్లో ఒకళ్ళనొకళ్ళు అడుక్కున్నారు. ఆ ఏడాదే జులైలో ఫీజుల కోసం ప్రకటించిన 'ఫాస్ట్' పథకానికి 1956 నవంబరు 1 అనే గీత పెట్టారు. కుటుంబం అంతకుముందునుంచీ ఇక్కడ ఉంటేనే. హైకోర్టులో ప్రశ్నలు ఎదురయ్యాక 2015లో దాన్ని వదిలేశారనుకోండి. తమాషా ఏమిటంటే, ముప్పైల్లో నిజాంసాగర్ కాలువ వెంట వచ్చినవాళ్ళు ఆ గీతకు కూడా ఇవతలే ఉంటారు. కానీ భయపడేవాడు తేదీలు లెక్కపెట్టుకోడు కదా.

సాఫ్ట్‌వేర్ వాణ్ణి కాబట్టి ఒక నిర్వచనం సరిగ్గా ఉందో లేదో చూడాలంటే టెస్ట్ కేసులు రాసుకుంటాను. ఓ మూడు చూద్దాం. (అన్నీ లెక్క కోసం అనుకున్నవే, ఎవరినీ ఉద్దేశించి కాదు.)

మొదటి కేసు. క్యాంపులో పుట్టిన అమ్మాయి. ముత్తాత 1935 ప్రాంతంలో కృష్ణా జిల్లానుంచి వచ్చాడు. ఒకటి నుంచి పది దాకా బాన్సువాడలోనే చదివింది. చట్టం ఏమంటుంది? లోకల్, అందులో అనుమానమే లేదు. టీ కొట్టు ఏమంటుంది? "ఆంధ్రోళ్ళ పిల్ల."

రెండో కేసు. బాన్సువాడ పక్క పల్లె అబ్బాయి. ఏడు తరాలు ఆ మట్టే. నాన్న భివండిలో మగ్గం పనికి పోయాడు. అబ్బాయి ఒకటి నుంచి ఆరు దాకా అక్కడ తెలుగు మీడియం మునిసిపల్ బళ్ళో, ఏడు నుంచి పది దాకా బాన్సువాడలో చదివాడు. 1975 ఉత్తర్వు ప్రకారం పదో తరగతి అర్హతగా ఉన్న ఉద్యోగానికి లోకల్, ఎందుకంటే పదితో ముగిసే నాలుగేళ్ళూ ఇక్కడే. 2018లో వచ్చిన కొత్త రాష్ట్రపతి ఉత్తర్వు 95 శాతం లోకల్ అంది గానీ, చూసే తరగతుల్ని ఒకటి నుంచి ఏడుకి మార్చింది. అందులో ఆరేళ్ళు భివండి. కాబట్టి నాన్ లోకల్. మనిషి మారలేదు, ఊరు మారలేదు, లెక్క మారింది. టీ కొట్టు ఏమంటుంది? "మనోడే."

మూడో కేసు. బాన్సువాడ అమ్మాయి, వర్ని అమ్మాయి. రెండూ ఒకే అసెంబ్లీ నియోజకవర్గం, అరగంట బస్సు దూరం. 2016లో బాన్సువాడ కామారెడ్డి జిల్లాకు పోయింది, వర్ని నిజామాబాద్‌లోనే ఉండిపోయింది. 2018 ఉత్తర్వులో కామారెడ్డి రాజన్న జోన్, నిజామాబాద్ బాసర జోన్. కాబట్టి జోనల్ పోస్టుల లెక్కలో బాన్సువాడ అమ్మాయికి సిద్దిపేట లోకల్, వర్ని నాన్ లోకల్. అదే మల్టీ జోనల్ పోస్టు అయితే ఇద్దరూ ఒకే మల్టీ జోన్, ఇద్దరూ లోకలే. ఒకే మనిషి ఒకే రోజు రెండు నోటిఫికేషన్లకు అప్లై చేసి ఒకదానికి లోకల్, ఇంకోదానికి నాన్ లోకల్ కావచ్చు.

మూడో కేసు చూసి చాలామంది నవ్వుతారు, "ఇదేం పిచ్చి రూలు" అని. నాకు మాత్రం ఈ మాటను మనం ఎలా అర్థం చేసుకోవాలో చెప్పే పాఠం అందులోనే కనబడుతుంది. లోకల్ అనేది మనిషి లోపల ఉండే గుణం కాదు. ఫలానా పోస్టుకు, ఫలానా ఏరియాకు, ఫలానా లెక్క ప్రకారం. అంతే. ఫంక్షన్ మారితే స్కోప్ మారుతుంది.

మొదటి రెండు కేసుల్లో చట్టానికీ టీ కొట్టుకీ మధ్య తేడా చూశారా? చట్టం తప్పయినా ఒప్పయినా తన లెక్కేమిటో రాసి పెడుతుంది. దాన్ని చదవొచ్చు, తప్పని వాదించొచ్చు, కోర్టుకు పోవచ్చు. మెడికల్ సీట్లకు తొమ్మిది నుంచి పన్నెండు దాకా నాలుగేళ్ళు తెలంగాణలో చదవాలన్న రూలు మీద ఎందరో కోర్టుకు పోయారు. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఆ రూలు చెల్లుతుందని చెప్పింది. నచ్చినా నచ్చకపోయినా ఒక జవాబు వచ్చింది. టీ కొట్టు దగ్గర లెక్కే లేదు. యాస, ఇంటి పేరు, కులం, మెస్సులో గోంగూర వడ్డించుకునే తీరు - ఏది తోస్తే అది. అప్పీలు చేసుకోవడానికి కోర్టు కూడా లేదు.

"మనం ప్రైవేటు ఉద్యోగాలు చేసుకునేవాళ్ళం, మనకెందుకీ గొడవ?" అంటారేమో. అసలు మనంత నాన్ లోకల్ జాతి ఇంకోటి ఉందా అని నా అనుమానం. అమెరికాలో ఉన్న మనవాళ్ళకి కన్సల్టెన్సీలనుంచి వచ్చే రిక్వైర్‌మెంట్ మెయిళ్ళు తెలుసు కదా, 'లోకల్స్ ఓన్లీ' అని. అక్కడ లోకల్ అంటే ఎదురుగా కూర్చుని ఇంటర్వ్యూ ఇవ్వగలిగేంత దూరంలో ఉన్నవాడు. రెండు సూట్‌కేసులు సర్దుకుని ఆ ఊళ్ళో రూమ్మేట్ ఇంట్లో దిగితే, నిన్నటి నాన్ లోకల్ ఇవాళ లోకల్. అదే అమెరికాలో 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించినప్పుడు, 'స్థానికుల ఉద్యోగాలు' అన్న వాదన వినబడింది. ఆ వాదనలో నాన్ లోకల్ ఎవరో చెప్పక్కర్లేదు. బెంగళూరులో 2024 జులైలో ప్రైవేటు ఉద్యోగాల్లో స్థానికుల కోటా బిల్లు అన్నప్పుడు మన వాట్సాప్ గ్రూపులన్నీ అట్టుడికిపోయాయి. పుట్టుక, కన్నడ భాష, వాటితో పాటు పదిహేనేళ్ళ నివాసం అన్నారు. పదిహేను! వందేళ్ళ కిందటి ముల్కీ అంకె. ఆ బిల్లును అప్పుడే పక్కన పెట్టారు. 2019లో ఆంధ్రప్రదేశ్ ఫ్యాక్టరీల్లో 75 శాతం స్థానికులకని చట్టం చేసింది. హర్యానా ప్రైవేటు ఉద్యోగాల్లో అదే 75 అంటే, 2023 నవంబరులో అక్కడి హైకోర్టు కొట్టేసింది. ఇది ఆగే బండి కాదు.

ఇక మా కామారెడ్డి, నిజామాబాద్ పల్లెల్లో ఇంటికొకరు గల్ఫ్‌లో ఉంటారు. దుబాయ్‌లో 'లోకల్' అంటే అక్కడి అరబ్బు పౌరుడు. మనవాడు పాతికేళ్ళు ఆ ఎండలో మేడలు కట్టినా, వీసా అయిపోతే తిరుగు విమానమే. 2011లో సౌదీ నితాకత్ పేరుతో తమవాళ్ళకు కోటాలు పెట్టాక ఎందరు వెనక్కి వచ్చారో మా వైపు ప్రతి ఊరికీ గుర్తు.

వీటన్నిటినీ ఒక వరసలో పెట్టి చూడండి. కన్సల్టెన్సీ లెక్కలో లోకల్ కావడానికి ఒక రాత్రి ప్రయాణం చాలు. రాష్ట్రపతి ఉత్తర్వు లెక్కలో నాలుగేళ్ళ చదువు. ముల్కీ లెక్కలో పదిహేనేళ్ళు, ఒక ప్రమాణ పత్రం. గల్ఫ్‌లో మన కూలీకి ఒక జీవితం చాలదు. మా ఊరి టీ కొట్టు లెక్కలో నాలుగు తరాలు కూడా చాలడం లేదు. ఈ వరసలో మన టీ కొట్టు గల్ఫ్ షేకుల కంటే కఠినంగా ఉందంటే, మనం ఒకసారి ఆగి ఆలోచించాలా వద్దా?

దీనికి నాకు వినబడే జవాబు ఒకటుంది. "మాటలదేముంది, మనసులో ఏమీ పెట్టుకోం, ఊరికే గుర్తు కోసం అంటాం." నిజమే, అనేవాడికి అది గుర్తే. వినేవాడికి అలా ఉండదు. ఊళ్ళో నలుగురు రమేష్‌లు ఉంటే "క్యాంపు రమేష్" అనడం గుర్తు. పంచాయతీలో పైపు లైను గురించి మాట్లాడటానికి లేస్తే "నువ్వు లోకల్ కాదు, కూసో" అనడం గుర్తు కాదు. ఆ పైపులో నీళ్ళు అతని ఇంటికీ రావాలి. నీళ్ళ విషయంలో ఆ ఇంట్లో ఉన్నవాడి కంటే లోకల్ ఎవరుంటారు?

రెండో జవాబు ఇంకా బలమైనది. "లోకల్ అనే మాటను పలుచన చేస్తే, రేపు కోటా కూడా పలుచనవుతుంది. మనం కొట్లాడి తెచ్చుకున్నది పోతుంది." నేను దీన్ని తేలిగ్గా తీసుకోను. అరవై ఏళ్ళ మోసం చూసినవాళ్ళ భయం అది. కానీ నాకు అనుభవంలో తెలిసింది వేరు. అర్థం గట్టిగా ఉన్న మాటే నిలబడుతుంది. 371-డి యాభై ఏళ్ళుగా నిలబడిందంటే, అందులో లోకల్‌ను కొలిచే పద్ధతి ఉంది కాబట్టి. కొలత లేని లోకల్‌ను ఎవరైనా ఎటైనా తిప్పుకోవచ్చు. ఎన్నికలప్పుడు ఒకడు, కాంట్రాక్టుల కోసం ఇంకొకడు తిప్పుతూనే ఉన్నారు. టికెట్ రాని నాయకుడు వచ్చిన నాయకుణ్ణి నాన్ లోకల్ అంటాడు. ఇద్దరి ఇళ్ళూ హైదరాబాద్‌లోనే ఉంటాయి :-)

కాబట్టి నేను చెప్పేది చాలా చిన్న విషయం. లోకల్ అన్న మాటను మానేయమనడం లేదు. మానేయలేం కూడా, అది తెలుగైపోయింది. దాని పక్కన నామవాచకాన్ని తెచ్చి కూర్చోబెట్టండి అంటున్నాను. లోకల్ క్యాండిడేట్ అనండి, లోకల్ ఓటరు అనండి, లోకల్ రైతు అనండి. ఓటరు అయితే ఓటర్ల జాబితా చూడొచ్చు. రైతు అయితే పాసుబుక్కు చూడొచ్చు. క్యాండిడేట్ అయితే బోనఫైడ్ చూడొచ్చు. ఉత్త 'లోకల్' అన్నప్పుడు చూడటానికి మనిషి మొహం తప్ప ఇంకేమీ మిగలదు.

బళ్ళ నంబరు ప్లేట్లు చూస్తే నాకిదే తోస్తుంది. మా బాన్సువాడ రోడ్డు మీద ఏపీ 25 ఉంది, టీఎస్ 17 ఉంది, 2024 నుంచి టీజీ 17 ఉంది. మూడూ అక్కడి బళ్ళే, ఒకే గుంతల రోడ్డు మీద ఎగిరెగిరి పడుతుంటాయి. ఏది అసలు లోకల్ అని ట్రాఫిక్ పోలీసు కూడా అడగడు, లైసెన్సు ఉందా అని అడుగుతాడు.

ఈసారి ఎవరైనా "ఆయన లోకలేనా?" అని అడిగితే, హైదరాబాద్‌లో గానీ, బెంగళూరులో గానీ, డాలస్‌లో గానీ, వెంటనే అవునో కాదో చెప్పేయకండి. "దేనికి?" అని అడిగి చూడండి. అడిగినవాడి దగ్గర జవాబు ఉంటే, అది ఉద్యోగమో సీటో ఓటో అయి ఉంటుంది, దాని లెక్క దానికుంటుంది. జవాబు లేకపోతే, ఆ ప్రశ్న ఎందుకొచ్చిందో అతనికే తెలియాలి.